గ్రామ వాస్తువుల జీర్ణోద్ధరణము: హంపి బజారు, ఆనెగొందులపై ఒక విమర్శ

తుంగభద్రకు దక్షిణపు గట్టున హంపియు, ఉత్తరపు గట్టున ఆనెగొందియు నెలకొని యున్నవి. రెంటికిని నడుమ నది యొక్కటే యెడము. విజయనగరము పుట్టక పూర్వమే ఆనెగొంది యుండెను. విజయనగరము కూలిన పిదపను హంపిలో విరూపాక్షుని అర్చన నిలిచెను. 1953 వరకు హంపి మదరాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలోను, 1956 వరకు ఆనెగొంది హైదరాబాదు రాష్ట్రపు రాయచూరు జిల్లాలోను ఉండెడివి. నేడు మొదటిది విజయనగర జిల్లాలోను, రెండవది కొప్పళ జిల్లాలోను చేరి కర్ణాటకమునందే యున్నవి.

తెలుగువారికి ఈ సీమ పరాయిది కాదు. కృష్ణదేవరాయల కొలువు వలన కలిగిన బంధ మొకటి. బళ్లారి సీమలో తరతరములుగా కన్నడముతో కలసి మెలసి బ్రతుకుచున్న తెలుగు వలన కలిగిన బంధము రెండవది. 1953లో తుంగభద్ర ఆనకట్ట సిద్ధమైన పిదప కోస్తా జిల్లాలనుండి తరలివచ్చి గంగావతి, సింధనూరు ప్రాంతములందు ‘క్యాంపు’లు కట్టుకొని వరిసేద్యము సాగించిన రైతుల వలన కలిగిన బంధము మూడవది. కావున ఈ రెండు గ్రామములందు పాత కట్టడముల పునరుద్ధరణ మే తీరున సాగినదో పరిశీలించుట తెలుగువారికి కేవలము కుతూహల విషయము కాదు.

ఈ రెండు గ్రామముల పునరుద్ధరణము రెండు భిన్నమార్గములను త్రొక్కినది. హంపి బజారులో రాతిని నిలుపుటకై మనుష్యులను తొలగించిరి. ఆనెగొందిలో కొన్ని యిండ్లను మనుష్యులతోడనే నిలుపుటకు యత్నించిరి. ఈ రెండు మార్గముల గుణదోషములను నిర్ణయించుట ఈ వ్యాసోద్దేశము.

జీర్ణోద్ధరణ భావము

జీర్ణోద్ధరణమను మాట మన దేశమునకు క్రొత్తది కాదు. మయమతము వంటి వాస్తుగ్రంథములందు శిథిలమైన ఆలయమును బాగుచేయు విధానమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కేటాయింపబడినది. పని జరుగుచున్నంతకాలము దేవతను బాలాలయమునందు నిలిపి అర్చన సాగించుట ఆగమసంప్రదాయము. ఈ ఏర్పాటులో ఒక గొప్ప భావము గర్భితమై యున్నది: కట్టడము మరమ్మతులో నున్నను దాని వినియోగము ఆగరాదు. గోడ విప్పవచ్చును, దీపము మాత్రము ఆరిపోరాదు.

పాశ్చాత్యుల పురాతత్త్వదృష్టి మరియొక త్రోవ పట్టినది. పురాతత్త్వశాఖకు ప్రధానాధికారియై యుండిన జాన్ మార్షల్ 1923లో వెలువరించిన మార్గదర్శక గ్రంథమునందు, పాత కట్టడమును క్రొత్తదిగా చేయుట కర్తవ్యము కాదనియు, ఉన్నదానిని ఉన్నట్లు కాపాడుటయే ప్రథమకర్తవ్యమనియు నిర్దేశించెను. పూజలందుకొనుచున్న కట్టడముల విషయమున మాత్రము కొంత సడలింపు నొసగెను. 1964 నాటి వెనీసు ఒడంబడిక, ఊహ మొదలైన చోట పునరుద్ధరణము ఆగిపోవలయునని శాసించినది. ఈ నియమములు మిక్కిలి విలువైనవి. అవి లేకున్నచో మన దేశమున ఎన్నియో శిల్పములు అత్యుత్సాహవంతుల చేతులలో రూపుమాసి యుండెడివి.

ఈ నియమముల స్వభావమును తెలుగు పాఠకులు తాళపత్ర గ్రంథముల పరిష్కరణముతో పోల్చి సులభముగా గ్రహింపగలరు. పరిష్కర్త యెదుట గ్రంథపాతములుండును, లేఖకుల తప్పులుండును, ఇతరులు చొప్పించిన ప్రక్షిప్తములుండును. మంచి పరిష్కర్త గ్రంథపాతమును చుక్కలతో చూపునే కాని తన పద్యమును అచట వ్రాయడు. ప్రక్షిప్తమని తోచినదానిని చింపి పారవేయడు; వేరుగ చూపి, తన సందేహమును తెలుపును. పడిపోయిన స్తంభము విషయమునను, తరువాతివారు కట్టిన గోడ విషయమునను పునరుద్ధర్త వర్తింపవలసిన విధ మిదియే.

ఐనను ఒక తారతమ్యము కలదు. కావ్యమునకు కర్త యొకడుండును. ఆ కర్త పలికిన పాఠము ఏదో యొకటి యుండును. గ్రామమునకు అట్టి ఏకకర్త లేడు. తాత అరుగు కట్టెను. తండ్రి పంచ దింపెను. కొడుకు పెరటి గోడ పెంచెను. పల్లెపాట వలె గ్రామవాస్తువు నోటినుండి నోటికి, చేతినుండి చేతికి మారుచు వచ్చును. ఇందు ‘మూలపాఠము’ కొరకు వెదకి మిగిలినదంతయు ప్రక్షిప్తమని కొట్టివేసినచో పాటయే మిగులదు. 1994లో జపాను దేశపు నారా నగరమున వెలువడిన ప్రకటన ఈ విషయమును కొంతవరకు గుర్తించినది. కట్టడపు నిజత్వమును నిర్ణయించుటకు రాయి, రూపములే గాక వినియోగము, సంప్రదాయము, పనితనము కూడ ప్రమాణములని అది యంగీకరించెను. 2004లో ఇన్టాక్ సంస్థ భారతదేశమునకై రూపొందించిన నియమావళియు, ప్రభుత్వ రక్షణలో లేని సజీవ వాస్తువులకును, వాటిని నిలుపగల పనివారి విద్యకును ప్రాధాన్యము నిచ్చినది.

ఈ ప్రమాణములు మూడు మాటలలో ఇమిడిపోవును: ద్రవ్యము, పనితనము, వినియోగము. హంపి బజారును, ఆనెగొందిని ఈ మూటితోను తూచి చూడవలసి యున్నది.

హంపి బజారు

విరూపాక్షాలయపు తూర్పు గోపురమునుండి ఎదురు బసవన్న వరకు సాగిన రథవీథియే హంపి బజారు. పొడవు సుమారు ముప్పాతిక కిలోమీటరు. ఇరువైపుల వరుసలు తీరిన రాతి మండపములు, కొన్నిచోట్ల రెండంతస్తులవి, కలవు. కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున ఈ ఆలయమునకు రంగమండపమును కట్టించి, 1510లో శాసనము వేయించెను. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఆలయము ముందరి వీథిలో వసారాలతో కూడిన అందమైన యిండ్లున్నవనియు, వచ్చిన యాత్రికులు వాటిలో బస చేయుదురనియు వ్రాసెను. అనగా ఈ మండపశ్రేణి మొదటినుండియు ఊరక చూచుటకు కట్టినది కాదు. నివసించుటకు, క్రయవిక్రయములకు, యాత్రికుల సేదకు కట్టినది.

1565 నాటి యుద్ధానంతరము నగరము పాడుపడినది. విఠలాలయము, కృష్ణాలయము, అచ్యుతరాయాలయముల ముందరి బజారులు నిర్జనములైనవి. విరూపాక్షాలయమున అర్చన నిలిచినందున ఆ బజారు ఒక్కటియే మరల జనముతో నిండెను. ఇరువదవ శతాబ్దమున పూలు, కొబ్బరికాయలు, గాజులు, పుస్తకములు అమ్మువారు, భోజనశాలలవారు, యాత్రికులకు గదులిచ్చువారు ఈ మండపములందును, వాటి వెనుకను కాపురముండిరి. వారిలో తరములనుండి అచట నున్నవారును కలరు.

ఈ నివాసములో దోషములు లేకపోలేదు. దేశవిదేశ యాత్రికుల రాక పెరిగినకొలది స్తంభముల నడుమ ఇటుకగోడలు లేచినవి. పాత మండపములకు సిమెంటు గదులు తగిలింపబడినవి. రాతిపై రంగులు పూసిరి. మురుగునీరు పునాదుల చేరువనే పారెను. వీటినన్నిటిని ‘సజీవ సంప్రదాయ’మను పేరిట సమర్థించుట న్యాయము కాదు. లేఖకుని తప్పును కవి ప్రయోగముగా చాటుట వంటిదే యది. పాలకులు అట్టి కట్టుబడులను అదుపుచేయ దలచుట సమంజసమే.

అదుపుచేయుటకు మార్గములు లేకపోలేదు. హంపిని యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. కర్ణాటక ప్రభుత్వము 2002లో హంపి ప్రపంచ వారసత్వ ప్రాంత నిర్వహణాధికార సంస్థకై శాసనము చేసెను. సుమారు 236 చదరపు కిలోమీటర్లు, 29 గ్రామములు ఆ సంస్థ పరిధిలోనికి వచ్చినవి. విడివిడి కట్టడములను గాక కొండలు, కాలువలు, పొలములు, ఊళ్లు అన్నిటిని కలిపి ఒక్కటిగా చూడవలయునన్నది ఆ ఏర్పాటు వెనుకనున్న ఆలోచన. ఆలోచన ఉదాత్తము. కాని 2011 జూలై చివర జిల్లా పాలనాధికారులు బజారులోని దుకాణములను, నివాసములను యంత్రములతో పడగొట్టించిరి. వందలాది కుటుంబములు వీథిని విడిచిపోవలసి వచ్చెను. వారికి కొన్ని కిలోమీటర్ల దూరమున కడ్డిరాంపురమువద్ద స్థలము చూపిరి.

ఈ చర్యయందలి లోప మెచట నున్నది? సిమెంటు గోడను తొలగించుటలో లోపము లేదు. గోడకును, ఆ గోడ కట్టినవానికిని భేదము పాటింపకపోవుటలో లోపమున్నది. ప్రక్షిప్తమును విడదీయుటకు బదులు ఆకునే చింపివేసిరి. ఏ మండపమునకు ఏ హాని కలిగినది, ఏది ఎన్నడు కట్టినది, ఏ కుటుంబము ఏ వృత్తితో ఎంతకాలమునుండి యున్నది అను వివరములు తేల్చి, ఒక్కొక్క మండపమునకు ఒక్కొక్క నిర్ణయము చేయదగి యుండెను. కాంక్రీటు తొలగించి, వంటలు, నివాసము, మురుగు వీథి వెనుకకు జరిపి, ముందరి మండపములలో పూలు, కొబ్బరికాయలు, గాజుల అమ్మకమును కట్టుబాట్లతో ఉంచి యుండవచ్చును. పాయెస్ చూచిన వీథికి అది దగ్గరగా నుండెడిది. నేటి శూన్యవీథిని పదునారవ శతాబ్దపు రూపమనుకొనుట పొరపాటు. ఏ శతాబ్దమునను అర్చన సాగుచున్న ఆ గుడి ముంగిట ఉద్దేశపూర్వకముగా అట్టి శూన్యమును నెలకొల్పిన దాఖలా లేదు.

మరియొక విషయము గమనింపదగినది. హంపిలో నిర్జనమైన బజారులు అదివరకే కావలసినన్ని కలవు. సజీవమైనది ఈ యొక్కటే. 2011లో ఇదియు వాటి కోవలో చేరెను. రథోత్సవమునాడు, ఫలపూజనాడు జనము పోటెత్తుదురు. తేరు ఆ వీథినే కదలును. మిగిలిన దినములలో చూపరులు నడచిపోవుదురే కాని, ఆ వీథిని తమదిగా భావించి సంధ్యవేళ దీపము పెట్టువారు లేరు.

2024 మే నెలలో వర్షములకు ఈ బజారులోని మండపశ్రేణిలో కొంతభాగము కూలిపోయినది. జనము లేకపోవుటయే దీనికి కారణమని తీర్మానించుట సాహసము. ఐనను ఈ మండపముల కట్టుబడి తెలిసినవారికి ఒక విషయము విదితమే. రాతి స్తంభములపై దూలములు, వాటిపై పలకలు, ఆపైన ఇటుక, సున్నముల పొర యుండును. ఆ పై పొర పగిలినచో నీరు దిగును. పగులులో రావి మొలక వేరు పారించును. మొలకను చిన్ననాడే పెరికివేయుటకు, పగులును వానకు ముందే సున్నముతో పూడ్చుటకు పెద్ద విద్య యేమియు అక్కరలేదు. అనుదినము చూచు కన్ను కావలయును. దూరపు కార్యాలయమునుండి వచ్చు తనిఖీ ఆ కంటికి బదులు కాజాలదు. కాపురమున్నవారిని తొలగించినపుడు వారు చేసిన హానితోపాటు వారు చేసిన కాపుదలయు తొలగిపోవును. ఈ రెండవదానికి ప్రత్యామ్నాయము చూపని పునరుద్ధరణము అసంపూర్ణము.

ఆనెగొంది

ఆనెగొంది తీరు వేరు. ఇది కోటగోడల నడుమనున్న కాపురపు ఊరు. రంగనాథాలయము, గగనమహలు, ఊరి వాకిలి, మఠములు, మండపములు ఇండ్ల మధ్యనే యున్నవి. నదిలోని దీవిపై మధ్వయతుల నవబృందావనములు కలవు. విజయనగర రాజవంశపు వారసులుగా ప్రసిద్ధులైన కుటుంబమువారికిని ఈ గ్రామమే స్థానము. ఇచటి విశేషము ఏదో యొక్క మహాకట్టడము కాదు. గుడి, వీథి, అరుగు, రచ్చకట్ట, పొలము ఒకదానితో నొకటి అల్లుకొని యుండుటయే.

ఇచటి పాత యిండ్లు బళ్లారి, అనంతపురము, కర్నూలు సీమలవారికి సుపరిచితములైన మిద్దెయిండ్ల కోవలోనివి. గుండురాతి పునాది, బంకమట్టితో పేర్చిన రాతిగోడ, చెక్కిన కొయ్య స్తంభములు, దూలములు, వాటిపై దంతెలు, దంతెలపై పలకలో బండలో పరచి, ఆపైన మట్టి మెత్తి, నీరు దిగకుండ చవుడు పోసెదరు. ఏటేట తొలకరికి ముందు మిద్దెపై క్రొత్త చవుడు పరచుట ఇంటివారి పని. వేసవిలో ఈ యిల్లు చల్లగా నుండును. కాని ఒక్క యేడు అశ్రద్ధ చేసినచో కురియును. రెండేండ్లు చేసినచో దంతె పుచ్చును. ఇంటిని నిలుపునది ద్రవ్యపు గట్టితనము కాదు, ఏటేటి పరామరిక.

ఈ గ్రామమున 1997లో నెలకొనిన కిష్కింధా ట్రస్టు, కట్టడములకును జీవనోపాధికిని ముడిపెట్టి పనిచేసినది. అరటినారతో వస్తువులు చేయు పనిని స్త్రీలకు నేర్పిరి. శిథిలమైన కొన్ని యిండ్లను పాత ద్రవ్యములతో, పాత పద్ధతిలో బాగుచేసి, వానిలో కొన్నింటిని అతిథుల బసలుగా మలచిరి. పాత యిల్లు పడగొట్టి కాంక్రీటు కట్టుటయే అభివృద్ధియని తలచుచున్న కాలమున, మట్టిమిద్దెకును విలువ కలదని ఊరివారి కండ్లయెదుట చూపుట సామాన్య విషయము కాదు. మొదట చెప్పిన మూడు ప్రమాణములందును ఈ యత్నము నిలిచినది: ద్రవ్యము పాతది, పనివారు ఆ సీమవారు, ఇల్లు ఇల్లుగనే యున్నది.

ఐనను స్తుతితో ఆగిపోవుట విమర్శ కాదు. ఆనెగొంది మార్గమునను ప్రమాదములు పొంచి యున్నవి.

మొదటిది, యాత్రికుని డబ్బుపై నిలిచిన యిల్లు యాత్రికుని అభిరుచికి లొంగును. అరుగు మీద ముసలివారు కూర్చుండుట మాని, ఆ అరుగు చిత్రపటమునకై అలంకరింపబడును. ఇంటి రూపము మిగిలినను వాడుక మారును. బసగా మారిన యిల్లు పడిపోవుటకంటె మేలే; కాని ఊరిలోని ప్రతి పాతయింటికిని అదియే గతియైనచో ఊరు సత్రముగ మారును. నది నడుమనున్న విరూపాపురగడ్డయే ఈ విషయమున హెచ్చరిక. అచట యాత్రికులకై అనుమతిలేని వసతిగృహములు పుట్టగొడుగులవలె లేచినవి. 2020 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానపు తీర్పు వెలువడగా మార్చిలో వాటిని తొలగించిరి.

రెండవది, మిగిలిన యిండ్లవారి కష్టము. 1958 నాటి పురాతన కట్టడముల శాసనమునకు 2010లో చేసిన సవరణ ప్రకారము, కేంద్రరక్షణలోనున్న కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త కట్టుబడి నిషిద్ధము. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి పొందవలెను. గొప్ప కట్టడమునకు ఈ కాపు అవసరమే. కాని మిద్దె కురియుచున్న రైతుకు మరమ్మతునకును అనుమతి తెచ్చుకొనుట భారము. అనుమతి రాక, ఇల్లు నిలువక, అతడు ఊరు విడిచిపోయినచో, రక్షణశాసనమే ఊరిని పాడుచేసినదగును. పాత పద్ధతిలో మరమ్మతు చేయువానికి త్రోవ సుగమముగను, కాంక్రీటు వేయువానికి కఠినముగను ఉండవలసిన నియమము, ఇరువురిని ఒకే వాకిట నిలబెట్టుచున్నది.

మూడవది, ఊరి అవసరములకును వారసత్వమునకును గల తగవు. నది దాటుటకు ఆనెగొందివారికి చిరకాలము పుట్టియే గతి. వంతెన కోరుట వారి తప్పు కాదు. కాని రక్షిత ప్రాంతమునందే వంతెనలు కట్టబూనుట వలన యునెస్కో 1999లో హంపిని ప్రమాదములోనున్న స్థలముల జాబితాలో చేర్చెను, 2006లో తొలగించెను. ఆనెగొంది వంతెన పని మరల సాగుచుండగా 2009 జనవరిలో ఆ కట్టడము కూలి కూలీలు ప్రాణములు గోల్పోయిరి. వంతెన కావలయునా, వారసత్వము కావలయునా అని ప్రజలను అడుగుట సరియైన ప్రశ్న కాదు. వంతెన ఎచట కట్టవలయునని మొదటనే ప్రజలను గూడ కూర్చుండబెట్టుకొని ఆలోచింపవలసి యుండెను. ఆ ఆలోచన జరుగక పదేండ్లకాలము వ్యర్థమైనది. నష్టము ఊరికిని, వారసత్వమునకును కూడ కలిగినది.

రెండు మార్గముల తారతమ్యము

హంపి బజారులో ద్రవ్యమొక్కటే ప్రధానమైనది; వినియోగము బలియైనది. ఆనెగొందిలో మూడును నిలిచినవి. కాని చిన్న పరిమాణమున, యాత్రికుల రాకపై ఆధారపడి నిలిచినవి. మొదటిదాని బలము ప్రభుత్వాధికారము. దాని బలహీనత ఊరివారి సమ్మతి లేకపోవుట. రెండవదాని బలము సమ్మతి. దాని బలహీనత ధనము, అధికారము చాలకపోవుట. హంపికి ఆనెగొంది ఓర్పు, ఆనెగొందికి హంపికి గల అండ లభించినచో ఉభయత్ర మేలు కలిగెడిది.

ఈ సమస్య ఇచటి రెండు గ్రామములదే కాదు. శ్రీశైలము జలాశయపు ముంపు వచ్చినపుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి ఆలంపురమునకు తరలించి మరల నిలిపిరి. పనితనమున అది ప్రశంసనీయము. వేరు గత్యంతరమును లేదు. ఐనను సంగమము లేనిచోట సంగమేశ్వరుడు వెలసెను. ఆలయమును చుట్టుకొనియున్న నదీస్నానము, ఊరు వెంట రాలేదు. గత్యంతరము లేనిచోట రాతినైన దక్కించుకొనుట వివేకము. గత్యంతరమున్నచోట రాతిని మాత్రమే దక్కించుకొనుట వివేకము కాదు. కామారెడ్డి జిల్లా దోమకొండ గ్రామములోని కోటను పాత పద్ధతులలో బాగుచేయగా, ఆ పనికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించెను. గ్రామములోని కట్టడమునకును లోకపు మన్నన దక్కగలదనుటకు అది నిదర్శనము.

తెలుగు సంఘములకు వర్తించు విషయము

రాష్ట్రేతర ప్రాంతములందు చిరకాలముగ నున్న తెలుగువారి అధీనమున ఆలయములు, భజనమందిరములు, సత్రములు, మఠములు ఎన్నియో కలవు. వాటికి పురాతత్త్వశాఖ కాపు లేదు. కాపు ఊరి పెద్దలదే. ఇచట ప్రమాదము శూన్యీకరణము కాదు, అత్యుత్సాహము. చందాలు పోగైన వెంటనే పాత మండపము పడగొట్టి కాంక్రీటు కప్పు వేయుదురు. రాతిగోడకు మెరుపు రంగు పూయుదురు. బండల నేలపై నున్నని పలకలు పరచుదురు. ఊరి అరుగునకు ఇనుపకంచె పెట్టుదురు. భక్తికి లోపము లేదు; కాని పూర్వులు కట్టినది వారి పేరిటనే మాయమగుచున్నది.

సిమెంటు చెడ్డదని కాదు, పాతగోడకు పొసగదు. గానుగలో ఆడించి, కరక్కాయ, బెల్లపు నీళ్లు చేర్చిన సున్నము గోడలోని తేమను బయటకు పోనిచ్చును. గోడతోపాటు కొంత కదలును. సిమెంటు పూత గట్టిగ బిగిసి తేమను లోపలనే బంధించును. పూత నిలుచును, దాని వెనుక ఇటుకయు రాయియు పొడియై రాలును. పైకి క్రొత్తదిగ కనబడుచు లోపల శిథిలమగుట దీని ఫలితము. ఇసుకను బలముగ చిమ్మి శిల్పములను కడుగుటయు ఇట్టిదే. మాసిన మురికితో పాటు ఉలి గీతలును పోవును.

శాసనముల విషయము మరింత గురుతరము. తమిళనాటి ఆలయములలో విజయనగర కాలపు తెలుగు శాసనములు పెక్కు కలవు. గోడరాళ్లు తారుమారు చేసి పేర్చినను, రంగు పూసినను, మెట్టు క్రింద రాయి వేసినను ఒక పంక్తి చదువరాకుండ పోవును. ఆ ప్రాంతమున తెలుగువారి పూర్వస్థితికి అట్టి పంక్తియే ఒక్కొక్కచోట ఏకైక సాక్ష్యము. చందాపుస్తకము తెరచుటకు ముందు శాసనములకు అచ్చులు తీయించుట సంఘముల ప్రథమకర్తవ్యము.

మరమ్మతు తలపెట్టు సంఘములు పాటింపదగిన క్రమము ఇట్లుండవచ్చును. మొదట కట్టడమును కొలిచి, ఛాయాచిత్రములు తీయించి, వృద్ధులు చెప్పిన వాడుకలను వ్రాసి భద్రపరుపవలెను. పిదప నమూనా గీయువానికంటె ముందు సున్నపు పని, కొయ్యపని తెలిసిన మేస్త్రీని వెదకవలెను. అట్టివాడు దొరికినచో అతని వెంట ఇద్దరు యువకులను పనిలో నిలుపవలెను. పోయినదానిని ఊహతో పూరింపక, ఉన్నదానిని నిలుపుటతో తృప్తిపడవలెను. తప్పనిసరియై క్రొత్తది చేర్చినచోట అది క్రొత్తదని తెలియునట్లుంచి, రాతిపై కాలము చెక్కింపవలెను. పని సాగుచున్నంతకాలము పూజయో, భజనయో, బడియో ఏదో యొక వినియోగము ఆ ప్రాంగణమున ఆగకుండ చూడవలెను. పని ముగిసినపిదప ఏటేట తొలకరికి ముందు కప్పు చూచు బాధ్యతను ఒక కుటుంబమునకో, ఒక బృందమునకో అప్పగింపవలెను. ఈ చివరిది అన్నిటికంటె తక్కువ ఖర్చుతో కూడినది. అన్నిటికంటె ఎక్కువగ మరువబడునదియు ఇదియే.

హంపి బజారునకు నేటికిని అవకాశము తప్పిపోలేదు. మండపములు చాలవరకు నిలిచియే యున్నవి. ఉత్సవములు జరుగుచున్నవి. ఆ వృత్తులు చేసినవారు, వారి బిడ్డలు చేరువనే యున్నారు. కట్టుబాట్లతో, పరిమితులతో, దినమున కొన్ని గంటలైనను ఆ వీథిని వారికి తిరిగి తెరచుటకు శాస్త్రము అడ్డురాదు. నారా ప్రకటనయు, మన ఆగమసంప్రదాయమును దానినే కోరుచున్నవి. ఆనెగొందిలో ఏటేట మిద్దెపై చవుడు పోయు రైతును, విరూపాక్షుని ముంగిట పూలమ్ము స్త్రీని కట్టడమునకు శత్రువులుగ గాక కాపరులుగ లెక్కించినపుడే గ్రామ వాస్తువుల జీర్ణోద్ధరణము ఆ పేరునకు తగినదగును.